గండికోటలో ఒక్క రాత్రి చాలదు

గండికోట ఫొటోలు నెట్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి. చాలావరకు ఒకేలా ఉంటాయి. లోయ, కింద పెన్నా నీళ్లు, బండ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఒక మనిషి. మేం నలుగురం వెళ్లింది ఇంకో పద్ధతిలో. పగలంతా తీసిన ఫొటోలు రాత్రికి ఒకచోట కూర్చుని చూసుకోవాలి, సరిగ్గా రానివి తెల్లారగానే అదే చోటికి వెళ్లి మళ్లీ తీయాలి. అందుకే బస గురించైనా, భోజనం గురించైనా ఆ అవసరం మనసులో పెట్టుకునే చెబుతున్నాను.

ఉండటానికి మూడు దారులున్నాయి. జమ్మలమడుగులో లాడ్జీలు దొరుకుతాయి, తిండికి, ఏటీఎంకి ఇబ్బంది లేదు. కానీ కోట అక్కడికి 15 కిలోమీటర్లు. తొలి వెలుగుకి అంచు మీద ఉండాలంటే చీకట్లోనే సొంత బండిలో బయల్దేరాలి. రెండోది లోయ దగ్గరి టెంట్లు. ఒక రాత్రి అందులోనే ఉన్నాం. నక్షత్రాల ఫొటోలకు అంతకన్నా మంచి చోటు లేదు. అయితే మా పక్క క్యాంపులో అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి, బ్యాటరీలు చార్జ్ చేసుకోవడానికి ఉన్న ఒక్క ప్లగ్ కోసం అందరూ వంతులు వేసుకోవాల్సి వచ్చింది. మూడోది టూరిజం వాళ్ల హరిత హోటల్. కోటకి కాస్త ఇవతలే ఉంటుంది, టార్చి పట్టుకుని నడిచి వెళ్లిపోవచ్చు. గదిలో ప్లగ్గులున్నాయి, కూర్చుని మాట్లాడుకోవడానికి టేబులుంది. మా పనికి అదే సరిపోయింది. చలికాలం శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోండి, అక్కడికెళ్లి అడిగితే గది దొరకడం కష్టం.

అసలు విషయం ఆ టేబుల్ దగ్గరే జరిగింది. ఒక్కొక్కరం మూడు ఫొటోలకు మించి చూపించకూడదని ముందే అనుకున్నాం. తీసినవాళ్లు మొదట నోరు విప్పకూడదు. మిగతావాళ్లు తమ కన్ను ముందు ఎక్కడికి పోయిందో చెప్పాలి. మాలో చిన్నవాడు లోయ ఫొటో తెరిచాడు. మాతో వచ్చిన రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు కాసేపు చూసి, "ఇందులో నువ్వు ఏం చూపించాలనుకున్నావు బాబూ?" అన్నారు.

"లోయ లోతు, మాస్టారూ."

"మరి సగం ఫొటో ఆకాశానికే ఇచ్చేశావు కదయ్యా."

పక్కనున్న పేపరు మడిచి ల్యాప్‌టాప్ తెర పైభాగానికి అడ్డం పెట్టారు. తెల్లగా పాలిపోయిన ఆకాశం పోయింది. పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్రరాతి గోడ, దాని పగుళ్లలో వేళ్లూనిన పొదలు ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. ఎక్కడికక్కడ "సూపర్ అన్నా" అనేసి వెళ్లిపోయే మెచ్చుకోళ్లతో ఇలాంటిది ఎప్పటికీ తెలియదు.

ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ యాంగిల్ లెన్సుతో ఇంకో చిక్కు ఉంది. దగ్గరున్న బండని పెద్దది చేస్తుంది, దూరంగా ఉన్న గోడని వెనక్కి తోసేస్తుంది. సుమారు 300 అడుగుల లోయ పంటకాలువలా కనిపిస్తుంది. మర్నాడు పొద్దున అందరం దూరాన్ని దగ్గరగా చూపించే 70-200 లెన్సు బిగించుకుని ఎదుటి గోడ మీదే దృష్టి పెట్టాం. కోట ఉన్నది పెన్నాకి దక్షిణపు ఒడ్డున. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి వస్తాడు కాబట్టి ఎదురుగా ఉన్న ఉత్తరపు గోడకి ఏటవాలు ఎండ బాగా తగులుతుంది. ఆ ఎరుపు కాసేపే ఉంటుంది. ఎండ ముదిరాక రాయి వెలవెలబోతుంది.

పైన ఎండ, కింద నీడ ఒకే ఫ్రేములో ఉండటంతో ఒక్క ఎక్స్‌పోజరు, అంటే ఒకే వెలుగు కొలతతో తీసిన ఒక్క ఫొటో చాలదు. ట్రైపాడ్ మీద పెట్టి ఒకటి సరిగ్గా, ఒకటి తక్కువ వెలుగుతో, ఒకటి ఎక్కువ వెలుగుతో తీసుకుని, తర్వాత మూడింటినీ కలపండి. కెమెరా తన మార్పులు చేయకుండా దాచే రా (RAW) ఫైళ్లే తీయండి, నీడలోని రాతి వివరాన్ని తర్వాత పైకి తేవచ్చు. దానికి డబ్బు పెట్టాల్సిన పని లేదు, డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ఎడిటింగులో మావాళ్లందరికీ మాస్టారు చెప్పింది ఒకటే: ఎరుపు పెంచకండి, అది అక్కడ ఉన్నంతే చాలు. ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. శాచురేషన్ (రంగు గాఢత) కాస్త లాగితే చాలు, ఆ రాయి ప్లాస్టిక్ అయిపోతుంది.

లోతు తెలియడానికి మనిషిని నిలబెట్టాలనుకుంటే అంచు నుంచి బాగా వెనక్కే నిలబెట్టండి. మేం తీసిన చోట కంచె లేదు, బండలు నునుపుగా ఉన్నాయి. ఏ ఫొటో కోసమూ ఆ అంచుకి వెళ్లొద్దు, ఎవరినీ వెళ్లనివ్వొద్దు.

కోట లోపల మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం నడిచి చూసేంత దూరంలోనే ఉన్నాయి. సాయంత్రం ఎండకి గోపురం బాగుంటుంది. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి కావాలి, చేత్తోనే తీసుకోండి. కోటలో ఊరు ఉంది, జనం కాపురం ఉంటున్నారు. అడగకుండా వాళ్ల వాకిళ్లలోకి కెమెరా తిప్పకండి.

బెలూం గుహలు కూడా చూశాం. 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలు చూడాల్సినవే. కానీ లోపల ఉక్క, ఏసీ కారులోంచి దిగి నేరుగా వెళ్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. రంగు దీపాల వెలుగులో తీసినవాటిలో మాకు నచ్చినవి తక్కువే. ల్యాండ్‌స్కేప్ కోసమే వస్తే ఆ సగం రోజు కూడా లోయకే ఇవ్వండి.

ఇంటికొచ్చాక ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే కంప్రెస్ అయిపోయి రాతి గరుకుదనం మాయమవుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి. "ఎలా ఉంది?" అని కాకుండా "ఎడమ మూలలో పొద ఉంచనా, కోసేయనా?" అని అడగండి, పనికొచ్చే జవాబు వస్తుంది.

రైల్లో వచ్చేవాళ్లకి ముద్దనూరు, జమ్మలమడుగు స్టేషన్లు దగ్గర. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేసవిలో ఆ బండల మీద పొద్దున తొమ్మిది దాటితే నిలబడలేరు.