అవుట్‌బ్యాక్‌లో బండి ఆగిపోతే: శాటిలైట్ మెసెంజర్‌పై దీర్ఘకాల సమీక్ష

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో స్థిరపడినప్పటి నుంచి చలికాలం సెలవుల్లో కుటుంబంతో కలిసి ఉత్తరాన అవుట్‌బ్యాక్‌లో, అంటే జనం దాదాపుగా లేని ఎండు ప్రాంతంలో ఉన్న మట్టిరోడ్ల మీదికి వెళ్లడం మాకు అలవాటు. ఆ ప్రయాణాల్లో కొన్నేళ్లుగా మా వెంట ఉంటున్న శాటిలైట్ మెసెంజర్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. అరచేతిలో ఇమిడే ఈ పరికరం ఇరిడియం అనే సంస్థ ఉపగ్రహాల ద్వారా చిన్న సందేశాలను పంపుతుంది, అందుకుంటుంది, మనం ఉన్న చోటును ఇంటివారికి మ్యాపులో చూపుతుంది, ప్రాణాపాయం వస్తే ఎస్‌ఓఎస్ బటన్ ద్వారా సహాయ కేంద్రానికి కబురు చేరవేస్తుంది. చాలామంది ఆ బటన్ కోసమే దీన్ని కొంటారు. ఇన్నేళ్ల వాడకంలో నాకు తెలిసినది వేరు: బండి చెడిపోయినప్పుడు మనం అడిగిన ప్రశ్నకు అవతలి నుంచి జవాబు రావడమే దీని అసలు ప్రయోజనం.

ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ఊడ్నడాటా ట్రాక్ గురించి కొంత చెప్పాలి. దక్షిణ ఆస్ట్రేలియాలో మారీ నుంచి మార్లా వరకు సుమారు 620 కిలోమీటర్లు సాగే ఈ దారి, 1980లో మూతపడిన పాత ఘాన్ రైలుమార్గం వెంబడి వెళుతుంది. మారీ నుంచి విలియం క్రీక్‌కు దాదాపు 200 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఊడ్నడాటాకు మరో 200. ఊళ్లు దాటగానే ఫోను సిగ్నల్ పోతుంది. 1960 జనవరి 2న ఊడ్నడాటాలో 50.7 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది కాబట్టి వేసవిలో ఇటు రావాలని నేను ఎవరికీ చెప్పను. చలికాలంలో కూడా రోడ్డు మీద అడ్డంగా లేచే అలల్లాంటి గతుకులు, సందుసందుకూ చొచ్చుకుపోయే సన్నని దుమ్ము బండిని ఊరికే వదలవు: బ్యాటరీ బిగింపులు వదులవుతాయి, షాక్ అబ్జార్బర్లు వేడెక్కి కారిపోతాయి, వైర్లు ఒరుసుకుని తెగుతాయి.

ఒక ప్రయాణంలో విలియం క్రీక్ దాటి గంటసేపు నడిపాక మా డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో బ్యాటరీ దీపం వెలిగింది. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దరిదాపుల్లో ఉండాల్సిన మీటరు పన్నెండున్నర చూపిస్తూ మెల్లగా దిగుతోంది. పాతకాలపు డీజిల్ ఇంజన్ అయితే కరెంటు లేకపోయినా దాదాపుగా నడిచేది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్‌లో ఇంజెక్టర్లూ కంప్యూటరూ బ్యాటరీ మీదే ఆధారపడతాయి కనుక, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పనిచేయకపోతే బ్యాటరీ ఉన్నంతసేపే ప్రయాణం. నీళ్లు, భోజనం పుష్కలంగా ఉన్నాయి, ఎవరికీ ఏ అనారోగ్యమూ లేదు. అంటే ఇది ఎస్‌ఓఎస్ నొక్కాల్సిన సందర్భం కాదు, అలాగని తోచినట్టు ముందుకు సాగిపోదగిన సందర్భమూ కాదు.

అడిలైడ్‌లో మా బండి చూసే మెకానిక్‌కు వివరం రాసి పంపాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: బెల్టు ఉందా, ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గు గట్టిగా ఉందా, పెద్ద ఫ్యూజు బాగుందా చూడమన్నారు. మూడూ బాగానే ఉన్నాయని చెప్పాక, ఆల్టర్నేటరే పోయి ఉంటుందని తేల్చి, ఏం చేయాలో వరుసగా రాశారు. ఏసీ, లైట్లు, ఫ్రిజ్ ఆపేయాలి. వెలుతురు ఉండగానే, మధ్యలో ఇంజన్ ఆపకుండా వెనక్కి విలియం క్రీక్ చేరాలి. వోల్టేజీ బాగా పడిపోతే ఆగి, ఫ్రిజ్ కోసం పెట్టుకున్న రెండో బ్యాటరీని ముందు బ్యాటరీ స్థానంలో బిగించాలి. మేం అలాగే చేశాం. రెండో బ్యాటరీ అవసరం పడకుండానే ఊరు చేరాం. మేం దారిలో ఉండగానే ఆయన ఆల్టర్నేటర్ నంబరు అడిగి తెలుసుకుని ఆర్డరు పెట్టేశారు. అది కూబర్ పీడీ పట్టణం వరకు లారీలో, అక్కడి నుంచి 166 కిలోమీటర్లు ఇటుగా వస్తున్న ఒక ప్రయాణికుడి బండిలో మా దగ్గరికి వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క ఫోను కాల్ లేదు, టోయింగ్ లేదు. ఆ దూరం నుంచి బండిని లాగించుకోవాల్సి వస్తే ఖర్చు వేల డాలర్లలోకి పోతుంది.

ఇక్కడే పర్సనల్ లొకేటర్ బీకన్‌తో, అంటే ఆపదలో ఉపగ్రహం ద్వారా సహాయం కోసం పిలుపు పంపే చిన్న పరికరంతో దీన్ని పోల్చాలి. బీకన్‌కు నెలవారీ చందా లేదు. ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ అంసా దగ్గర ఉచితంగా నమోదు చేయించి, రెండేళ్లకోసారి ఆ వివరాలను సరిచూసుకుంటే చాలు. ఆన్ చేస్తే కనీసం 24 గంటలు 406 మెగాహెర్ట్జ్ మీద పిలుపు పంపుతూనే ఉంటుంది. నమ్మకంలో దానికి సాటి లేదు, మా బండిలో అదీ ఉంది. కానీ అది పిలవగలదే తప్ప వినలేదు. ‘ఆపదలో ఉన్నాం’ అన్న ఒక్క కబురే అది పంపగలదు. ‘ఆల్టర్నేటర్ పోయింది, ప్రాణభయం లేదు’ అని చెప్పలేదు. పాము కరిస్తే, బండి బోల్తాపడితే బీకన్. బండి మొరాయిస్తే మెసెంజర్ అన్నది మా ఇంటి నియమం.

లోపాలు లేకపోలేదు. చందా భారం నిజమైనదే. ప్రయాణం లేని నెలల్లో ఆపివేసే వీలున్న ప్లాన్ తీసుకుంటేనే గిట్టుబాటు అవుతుంది. సందేశం 160 అక్షరాల్లో ముగించాలి. పరికరం మీది బటన్లతో ఒక్కో అక్షరం ఎంచుకుంటూ రాయడం ఓపికకు పరీక్ష. ఫోనుకు బ్లూటూత్‌తో కలిపితే సులువు. బయలు ప్రదేశంలో సందేశం నిమిషం రెండు నిమిషాల్లో వెళుతుంది గానీ, ఫ్లిండర్స్ రేంజెస్ కొండల నడుమ లోయలో కొన్నిసార్లు అరగంట వేచి ఉన్నాం. డ్యాష్‌బోర్డు మీద కంటే బానెట్ మీద పెడితే త్వరగా వెళుతుంది. గతుకులకు చార్జింగ్ తీగ ఊడిపోతూ ఉంటుంది కనుక రోజూ రాత్రి బ్యాటరీ చూసుకోవాలి.

ఇంటివారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. విజయవాడలో మా అత్తమ్మగారు మ్యాపులో మా చుక్క కదలికను రోజూ చూస్తారు. చుక్క ఆగిపోతే ఆవిడకు నిద్ర పట్టదు. అందుకని బయలుదేరే ముందే ‘ఆగాం, క్షేమం’ అన్న సందేశాన్ని పరికరంలో సిద్ధంగా పెట్టుకుని, ఎక్కడ ఆగినా ముందు దాన్ని పంపుతాం. ఎంతసేపు కబురు లేకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా ఆవిడ దగ్గర రాసిపెట్టి ఉంది.

కొత్త ఐఫోన్లలో 2023 నుంచి ఆస్ట్రేలియాలో ఉపగ్రహ ఎస్‌ఓఎస్ ఉంది, 2025లో ఫోను సంస్థ టెల్‌స్ట్రా కొన్ని ఫోన్ల నుంచి ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే సదుపాయం ప్రారంభించింది. అయినా ఎండకు వేడెక్కి ఆగిపోయే, చేతిలోంచి జారి పగిలే ఫోను మీదే కుటుంబం మొత్తం భారం వేయడానికి నాకు మనసొప్పదు. బండ్ల మధ్య మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ రేడియో మాత్రం తప్పకుండా ఉండాలి. 40వ ఛానెల్‌లో దగ్గరలోని లారీ డ్రైవర్లు పలుకుతారు, అయితే దాని పరిధి కొన్ని కిలోమీటర్లే.

ఏ పరికరమున్నా బండిని వదిలి నడిచి వెళ్లకూడదు. 1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ అనే మరో ఎడారి దారి మీద పెట్రోలు అయిపోయి కారును వదిలి వెళ్లిన ఒక కుటుంబంలోని ఐదుగురూ ఎండకు, దాహానికి చనిపోయారు. అందుకే మనిషికి రోజుకు పది లీటర్ల లెక్కన, అనుకున్న రోజుల కంటే ఎక్కువ రోజులకు సరిపడా నీళ్లు పెట్టుకోండి. మెసెంజర్ కొనేది ఆ తర్వాత.