హా లోయలో కాపురం, పిల్లలతో భూటాన్ తిరుగుళ్లు

సైన్యంలో ఉన్న మావారి పోస్టింగ్ ఆర్డర్‌లో ఊరి పేరు విని మా అత్తగారు "హా ఏంటమ్మా, పేరు సగంలో ఆపేశారా?" అన్నారు. భూటాన్‌కి పడమటి వైపు లోయ అది. అక్కడి సైన్యానికి శిక్షణ ఇచ్చే మన సైన్యపు ఇమ్‌ట్రాట్ బృందం 1960ల మొదటినుంచీ ఉంటున్నది అక్కడే. మావారు ముందు వెళ్లి, క్వార్టర్ చేతికొచ్చాక మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చారు. ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు, ఏడు పెట్టెలు, నేను.

బాగ్‌డోగ్రాలో విమానం దిగి, సరిహద్దులో మన వైపున్న జైగావ్ దాటి, ఆ రాత్రి భూటాన్ వైపున్న ఫుంట్‌షోలింగ్‌లో పడుకున్నాం. ఒక సంగతి ముందే చెబుతాను: భూటాన్‌లో ఆధార్ చెల్లదు. పెద్దవాళ్లకి పాస్‌పోర్టో ఓటరు కార్డో కావాలి, పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ దగ్గరుండాలి. మా పిల్లలవి నాలుగో పెట్టెలో, చలికోట్ల అడుగున ఉన్నాయి. కౌంటర్ ముందే పెట్టె విప్పి బట్టలన్నీ బయటేశాను.

మర్నాడంతా మలుపులే. ఫుంట్‌షోలింగ్ 300 మీటర్ల ఎత్తు కూడా ఉండదు, హా దాదాపు 2,700. ఆ తేడా మొత్తం పిల్లల కడుపుల్లో తెలుస్తుంది. బాబు మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. మూడోసారికి కవర్లు అయిపోయి మావారి మంకీ క్యాప్ అడ్డం పెట్టాను. తక్తి దగ్గర దంతక్ (భూటాన్‌లో రోడ్లు వేసే మన బీఆర్‌వో విభాగం) వాళ్ల క్యాంటీన్ కనబడ్డాక ప్రాణం లేచొచ్చింది. 1961లో ఈ రోడ్డు పని మొదలుపెట్టింది కూడా మన దంతక్ వాళ్లే. అక్కడ మసాలా దోసె దొరుకుతుంది. సాంబారు మన రుచి కాదు, అయినా పాప రెండు దోసెలు తింది. పిల్లలతో ఈ దారిన వెళ్లేవాళ్లు బండి కన్నా డ్రైవర్ని చూసుకోండి. ఆపమన్నచోట విసుక్కోకుండా ఆపేవాడు దొరికితే కాస్త ఎక్కువడిగినా ఇచ్చేయండి.

మొదటి నెల నాకు కందిపప్పుతోనే యుద్ధం. ఈ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీలకే మరిగిపోతాయి, పప్పు మాత్రం ఉడకదు. నాలుగు విజిల్స్ ఎనిమిదయ్యాయి. ఇడ్లీ పిండి పొంగడం లేదని బుఖారీ పక్కన దుప్పటి కప్పి పెట్టాను. బుఖారీ అంటే కట్టెలతో మండే ఇనప పొయ్యి, దాని పొగగొట్టం ఇంటి కప్పులోంచి బయటికి పోతుంది. రెండో రోజు పిండి పొంగింది. పొంగి బుఖారీ మీదికి కారింది. ఆ మాడు వాసన వారం పోలేదు. బాబు చెయ్యి పెట్టకుండా పొయ్యికి కాస్త ఎడంగా ఖాళీ పెట్టెలు గోడలా పేర్చాం.

ఇక తిరుగుళ్లు. పారో వెళ్లాలంటే మాకు దగ్గర దారి ఛేలే లా కనుమ మీదుగా, దాదాపు 3,900 మీటర్ల ఎత్తు. పిల్లల చెవులు మూసుకుపోతాయి, చాక్లెట్లు జేబులో ఉంచుకోండి. పైన ప్రార్థన జెండాల మధ్య పది నిమిషాలు చాలు, గాలి కోసేస్తుంది.

పారోలో అందరూ వెళ్లేది తక్త్‌సాంగ్‌కి, కొండకి అతుక్కున్న ఆ మఠానికి. 1692లో కట్టారు, 1998లో కాలిపోతే మళ్లీ నిలబెట్టారు. చూడదగ్గదే, కానీ మూడేళ్లవాడితో కాదు. గుర్రాలు సగం దారిలో కెఫెటేరియా దాకానే వస్తాయి, అదీ ఎక్కేటప్పుడే. తర్వాత వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. మావారు పాపని తీసుకుని వెళ్లారు, నేను బాబుతో కెఫెటేరియాలో కూర్చుని దూరం నుంచే దణ్ణం పెట్టుకున్నా. నాకు బాధేం లేదు. బాధంతా ఆ రాత్రి హోటల్‌తోనే. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, రెండో బకెట్‌కి వేణ్ణీళ్లు అయిపోయాయి. హీటర్ ఇంకోటి అడిగితే "రేపు" అన్నారు. దానికంటే తక్కువకి పునాఖాలో ఒక రైతు ఇంట్లో ఉన్నాం. కాల్చిన రాళ్లు నీళ్లలో వేసి కాచే స్నానం పెట్టారు. రాయి పడ్డప్పుడల్లా వచ్చే చుయ్‌మనే చప్పుడుకి బాబు తొట్టిలోంచి లేవనన్నాడు.

థింఫూలో పిల్లలకి నచ్చింది 51 మీటర్ల బుద్ధ విగ్రహం కాదు, దాని ముందున్న పెద్ద ఆవరణ. ఎంతసేపు పరిగెత్తినా ఎవరూ ఏమనలేదు. మోతీథాంగ్‌లో మేక తల, ఆవు ఒళ్లు అతికించినట్టుండే టాకిన్లు కూడా నచ్చాయి. ఊళ్లో ట్రాఫిక్ లైట్లు లేవు. కూడలిలో చేతులాడించే పోలీసుని చూసొచ్చి, మా బాబు ఇప్పటికీ వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను ఆపుతుంటాడు.

దోచూ లా కనుమలో మాత్రం మావారు ఎక్కువసేపు నిలబడిపోయారు. 2003 డిసెంబరులో, భూటాన్ అడవుల్లో దాక్కున్న మన ఈశాన్య మిలిటెంట్లని వెళ్లగొట్టే పోరులో చనిపోయిన సైనికుల కోసం కట్టిన 108 స్తూపాలు అక్కడున్నాయి. పై వరుసలో 27, మధ్యలో 36, కింద 45. పాప లెక్కపెడుతూ అరవై దగ్గర తప్పి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ తప్పింది. ఆయన తొందరపెట్టలేదు.

ఒక్క విహారమే చేయగలిగితే పునాఖాకే వెళ్లండి. 1,200 మీటర్ల ఎత్తే, వెచ్చగా ఉంటుంది. రెండు నదుల మధ్య 1637 నాటి కోట. లోపల ఎక్కువ ఎక్కే పని లేదు. పొడవాటి ఊగే వంతెన మీద మా అత్తగారు కళ్లు మూసుకుని బాబు చెయ్యి పట్టుకుని నడిచారు.

అవును, అత్తగారూ మామగారూ వచ్చారు, టూరిస్టులుగా. మనవాళ్లకి మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి సగం, అంతకన్నా చిన్నవాళ్లకి లేదు. ఇద్దరికీ ఐదు రాత్రులకి 12,000 కట్టాం. హా చలికి మామగారికి మొదటి రెండు రాత్రులు కునుకే పట్టలేదు. పొద్దున్నే బుఖారీ దగ్గర టీ తాగుతూ, "పడుకోని రాత్రులకి డబ్బులు వెనక్కిస్తారేమో కనుక్కో" అన్నారు మావారితో.