చప్పట్లు పడ్డాయి, ఓట్లు పడలేదు: ఆరు ఆదివారాల రాజకీయ శిక్షణ ఎలా ఉందంటే

ఒక స్వచ్ఛంద సంస్థ యువత కోసం నడిపిన చట్టసభల శిక్షణకి ఆరు ఆదివారాలు వెళ్లాను. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా క్లాసు. మొత్తం 34 మందిమి. నాకు 23 ఏళ్లు, బీకాం చేసి ఒక ఆడిటర్ గారి దగ్గర పని చేస్తున్నాను. తరవాతి బ్యాచ్‌లో చేరొచ్చా అని ఫ్రెండ్స్ అడుగుతున్నారు. చేరమనే చెబుతాను. కానీ ఎక్కడ బాగుందో, ఎక్కడ నిరాశపడ్డానో తెలుసుకుని చేరండి.

మొదటి ఆదివారం సినిమా సీన్లు చూపించారు. కుర్ర ఎమ్మెల్యే సభలో లేచి సొంత పార్టీనే కడిగేస్తాడు, బల్లలు చరుస్తారు, ముసలి మంత్రులు తలలు దించుకుంటారు. ఇలాంటివి చిన్నప్పుడు తాతయ్య పక్కన కూర్చుని ఎన్ని చూశానో. శాసనసభ ఉద్యోగం చేసి రిటైరైన సార్ ఒకాయన సీన్ మధ్యలో ఆపి, "ఓటు కూడా పార్టీకి వ్యతిరేకంగా వేశాడు కదా, ఇప్పుడు ఇతని సీటు ఉంటుందా?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం) జారీ చేశాక దాన్ని కాదని ఓటేసినా, ఓటింగ్‌కి రాకుండా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. పార్టీ 15 రోజుల్లోపు క్షమిస్తే తప్ప స్పీకర్ ముందుకి ఫిర్యాదు వెళ్తుంది. సినిమా చప్పట్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆ ఫిర్యాదు మనకి కనపడదు.

అలాగని సార్ సినిమాల్ని తీసిపారెయ్యలేదు. విదేశాల నుంచి దిగిన కుర్రాడు ఎమ్మెల్యే కాకుండానే ముఖ్యమంత్రి అవడం అబద్ధమని నేను వాదించాను. రాజ్యాంగంలోని 164వ అధికరణ ప్రకారం ఆరు నెలల్లోపు సభ్యుడైతే చాలట. కథలో అన్నిటికన్నా నమ్మబుద్ధి కానిదే నిజమైంది!

మూడో ఆదివారం మాక్ అసెంబ్లీ, అంటే మేమే సభ్యులుగా నడిపే ఉత్తుత్తి శాసనసభ. ఈ శిక్షణకి ప్రాణం ఆ రోజే. నన్ను అధికార పక్షంలో కొత్త సభ్యురాలిని చేశారు. పిల్లలు తక్కువగా ఉన్న బడుల్ని పెద్ద బడుల్లో కలిపెయ్యాలన్నది తీర్మానం. నాకు ఒళ్లు మండింది. లేచి ఐదు నిమిషాలు మాట్లాడాను. చిన్నపిల్లలు రోడ్డు దాటి అంత దూరం ఎలా వెళ్తారు, ఆడపిల్లల్ని మాన్పించేస్తారు కదా అని గొంతు వణుకుతుండగా అడిగాను. రెండు పక్షాలూ బల్లలు చరిచాయి. తరవాత ఓటింగ్ పెట్టారు. తీర్మానం 21-13 తేడాతో గెలిచింది. నాతో చెయ్యి కలిపి "భలే మాట్లాడావు అక్కా" అన్న అబ్బాయి కూడా దానికే ఓటేశాడు. పైగా విప్ ధిక్కరించావని నా చేతిలో ఒక కాగితం పెట్టారు. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

అప్పుడు సార్ అదే తీర్మానాన్ని మళ్లీ పెట్టించారు. ఈసారి చర్చకి ముందు నలభై నిమిషాలు టైమిచ్చి, "నీకు మొత్తం ఆగిపోవాలా, పిల్లలు బడికి వెళ్తే చాలా?" అని నన్ను అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోడానికే నాకు పది నిమిషాలు పట్టింది. తరవాత మా పక్షం నాయకుడిగా ఉన్న అబ్బాయి దగ్గరికెళ్లి, ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు చట్టం నియమాల్లో ఉన్న సంగతి చూపించాను. ఆ దూరం దాటితే పిల్లలకి బండి ఏర్పాటు చెయ్యాలన్న ఒక్క వాక్యం కలపమన్నాను. ఖర్చెంతవుతుందని అడిగాడు. లెక్క వేసి ఇచ్చాను. ప్రతిపక్షంలో నలుగురితో విడివిడిగా మాట్లాడాను. సవరణ నెగ్గింది. ఈసారి సభలో నేను మాట్లాడింది ఒకటిన్నర నిమిషం, ఒక్కరూ బల్ల చరవలేదు. ఇంటికెళ్తూ బస్సులో నాకు తెలియకుండానే నవ్వుకుంటున్నాను.

నామినేషన్ల మీద క్లాసు నా ఉద్యోగం వల్ల ఇంకా నచ్చింది. శాసనసభకి స్వతంత్రంగా నిలబడితే పదిమంది ప్రతిపాదకులు కావాలి, గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకి పరిమితి 40 లక్షలు, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలివ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత పడొచ్చు. నమూనా ఖర్చుల రిజిస్టర్ మాతోనే రాయించారు.

ఇక లోపాలు. ఐదో ఆదివారం ఇద్దరు యువ ప్రజాప్రతినిధులు వస్తారని చేరేటప్పుడు చెప్పారు. ఎవరూ రాలేదు, రికార్డు చేసిన వీడియో వేశారు. ముందు రోజైనా చెప్పాల్సింది. రెండోది, పాఠం తెలుగులో చెప్పి స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లో పెట్టడం. నా పక్కన కూర్చున్న చెల్లి తెలుగు మీడియం. మా అందరికన్నా చురుకైనది. ప్రతి స్లైడుకీ నా వైపు తిరగాల్సి వచ్చేది. నాలుగో వారం తరవాత రావడం మానేసింది. నిర్వాహకులు దీన్ని చిన్న విషయం అనుకోకూడదు.

అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటి. లోపలికి ఎవరు రాగలుగుతున్నారన్న ప్రశ్న ఈ శిక్షణలో వాళ్లంతట వాళ్లు ఎత్తలేదు. 2019లో 26 ఏళ్లకే అరకు నుంచి లోక్‌సభకి వెళ్లిన గొడ్డేటి మాధవి గారి నాన్నగారు మాజీ ఎమ్మెల్యే. 2023లో పాలకుర్తిలో మంత్రిని ఓడించిన యశస్విని రెడ్డి గారికి వయసు 26, ఆమె అత్తగారు అక్కడ పోటీకి సిద్ధమైన నాయకురాలు. గెలిచింది వాళ్లే, ఆ కష్టం వాళ్లదే, నాకు గౌరవం ఉంది. అదే ఎన్నికల్లో కొల్లాపూర్‌లో స్వతంత్రంగా నిలబడి, అందరూ బర్రెలక్క అని పిలుచుకున్న శిరీషకి ఐదు వేలకు పైగా ఓట్లొచ్చాయి. ఆమె పేరు ఫోన్లలో ఎన్ని లక్షల మంది చూశారో మనందరికీ గుర్తే. మా 34 మందిలో ఎక్కువమంది శిరీష లాగా రాజకీయ కుటుంబాలు కాని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. మాకు కావాల్సింది ఆ దారి గురించిన పాఠం. నేను అడిగితే సార్ పావుగంట మనసు విప్పి మాట్లాడారు, కానీ అది ఒక పూట క్లాసు కావాలి.

ఆఖరి ఆదివారం స్థానిక సంస్థల గురించి. ఎమ్మెల్యేకి 25 ఏళ్లు నిండాలి, పంచాయతీకి 21 చాలు. ఆ మాట వినగానే తాతయ్య గుర్తొచ్చారు. ఆయన ఒకసారి వార్డు మెంబరుగా చేశారు. సినిమా అయిపోయాక టీవీ కట్టేసి, వీధి కుళాయి కోసం పెట్టిన అర్జీల ఫైలు తీసి కూర్చునేవారు. "ఏముంది తాతయ్యా అందులో?" అని విసుక్కునేదాన్ని. మొన్న ఆ ఫైలు దించాను. ఒక్క కుళాయికి పదకొండు అర్జీలు, ప్రతిదాని మీదా తేదీ, అందినట్టు సంతకం.

ప్రస్తుతం మా వార్డు ఓటర్ల జాబితా తీసుకుని ఇల్లిల్లూ సరిచూస్తున్నాను. 18 నిండిన ఆరుగురి పేర్లు అందులో లేవు. నలుగురితో కొత్త ఓటరుగా చేరడానికిచ్చే ఫారం 6 నింపించాను. మిగతా ఇద్దరు ఆదివారం రమ్మన్నారు.