గోప్రోనా, టఫ్ కెమెరానా: మన వైజాగ్ బీచ్‌లకి ఏది?

నీళ్లలో వాడే కెమెరా కొందామంటే చాలామందిని తికమకపెట్టేవి ఈ రెండే: గోప్రో హీరో 12 అనే యాక్షన్ కెమెరా, ఓఎమ్ సిస్టమ్ కంపెనీ టఫ్ టీజీ-7.

లోతు: పైన ఏ తొడుగూ లేకుండా గోప్రో 10 మీటర్లు, టీజీ-7 15 మీటర్ల వరకు తట్టుకుంటాయి. రుషికొండలో ఈతకి ఏదైనా చాలు, స్కూబాలో ఇంకా కిందికి దిగితే మాత్రం రెండింటికీ హౌసింగ్ (నీళ్లు చొరని తొడుగు) కొనాల్సిందే.

ఖర్చు: మామూలుగా గోప్రోకే తక్కువ.

వీడియో: గోప్రోదే పైచేయి. అల వచ్చి కొట్టినా బొమ్మ పెద్దగా ఊగదు.

ఫొటో: అసలు తేడా ఇక్కడే. మన సముద్రం చాలా రోజులు మసకగా ఉంటుంది, దూరం నుంచి తీస్తే అంతా ఆకుపచ్చ పొగలా వస్తుంది కాబట్టి బాగా దగ్గరికెళ్లి తీయాలి, టీజీ-7 అయితే 1 సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. ఆటు సమయంలో రాళ్ల గుంటల్లో దాక్కున్న చిన్న పీత కళ్లు కూడా స్పష్టంగా పడతాయి. గోప్రోతో అది కుదరదు.

రిస్క్: రెండింటికీ ఒకటే. బ్యాటరీ మూత సీలు మీద ఒక్క ఇసుక రేణువున్నా నీళ్లు లోపలికి పోతాయి, దయచేసి బీచ్‌లో మూత తెరవొద్దు. ఇంటికొచ్చాక, మూత తీయకముందే మంచినీళ్లలో నానబెట్టండి.

సర్ఫింగ్, పిల్లల ఆటలు, రీల్స్ అయితే గోప్రో. పీతలు, నత్తలు, నిదానంగా తీసే ఫొటోలంటే ఇష్టమైతే టీజీ-7కే డబ్బు పెట్టండి.