పరుగు యాప్‌లో తప్పిపోయిన లెక్కను చేత్తో చేర్చడం

నల్లగొండ శివారులోని పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పరుగెత్తేటప్పుడు నేను వాడే యాప్, ఫోన్‌లో బ్యాటరీ ఆదా మోడ్ ఆన్‌లో ఉంటే, తెర ఆరిపోగానే జీపీఎస్‌ను వదిలేసి సగం దూరాన్ని మింగేస్తుంది. అలా పోయిన పరుగును చేత్తో చేర్చే ఏర్పాటు ఇందులో ఉండటం మెచ్చుకోదగినదే. కూడిక గుర్తు నొక్కి తేదీ, మొదలుపెట్టిన సమయం, దూరం, పట్టిన వ్యవధి నింపితే సగటు వేగాన్ని అదే లెక్కగట్టి చూపుతుంది. 5 కిలోమీటర్లకు 32 నిమిషాల 30 సెకన్లు అని రాస్తే కిలోమీటరుకు 6:30 అని వస్తుంది.

అయితే దారి పటం, ఎత్తుపల్లాలు, కిలోమీటరు వారీ లెక్కలు రావు. గుండె వేగం ఊసే లేదు. గంటల గడి, నిమిషాల గడి పక్కపక్కనే ఒకే రంగులో ఉండటం వల్ల 32 నిమిషాలు కాస్తా 32 గంటలైనా యాప్ కిమ్మనదు. ఆ మాత్రం అనుమానం రావద్దా? దూరం కచ్చితంగా తెలియాలనుకునేవారికి 400 మీటర్ల ట్రాక్ మొదటి వరుసే దిక్కు. అక్కడ పన్నెండున్నర చుట్లకు 5 కిలోమీటర్లు పూర్తవుతాయి.

జీపీఎస్ ఉన్న చేతి గడియారంలో పరుగు నమోదై ఉంటే మాత్రం, దారీ సమయమూ రెండూ ఉండే జీపీఎక్స్ ఫైలును దాని నుంచి తీసి ఎక్కించడమే మేలు. ఆ సదుపాయాన్ని ఫోన్ యాప్‌లో కాక వెబ్‌సైటులో మాత్రమే పెట్టడం నాకు నచ్చలేదు.