స్కాట్లండ్ వెండి గరిటె, మా తిరుపతి పులిహోర

ఎడిన్‌బరోలో చదువుకునే మా చిన్నోడు పోయినేడు వేసవి సెలవులకొస్తూ 180 పౌండ్లు పోసి పాత వెండి గరిటె ఒకటి తెచ్చాడు. "ఎవురో తిన్న గరిటెకు అంత డబ్బా నాయనా?" అని మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. ఏడాదిగా వాడుతున్నా కాబట్టి చెబుతున్నా.

దీన్ని అక్కడ హ్యాష్ స్పూన్ అంటారు, అంటే పొడుగాటి వడ్డన గరిటె. జానెడున్నర పొడవు, పది తులాల బరువు. కాడ చివర దుప్పి తల చెక్కి ఉంది. చేయించుకున్న ఇంటివాళ్ల వంశ చిహ్నమట. మనం స్టీలు సామాన్ల మీద ఇంటిపేరు కొట్టించుకోమూ, అలాంటిదే. కాకపోతే మనవి మిషన్ చుక్కలు, ఇది చేత్తో చెక్కింది. భూతద్దంలో చూస్తే దుప్పి మెడ మీద వెంట్రుకలు కూడా కనిపిస్తాయి.

కాడ వెనక ముద్రలు ఇంకా బాగుంటాయి. మూడు బురుజుల కోట అంటే ఎడిన్‌బరోలో పరీక్షించిన వెండి. ముళ్లపువ్వు నాణ్యత గుర్తు, 1759 నుంచి 1975 దాకా వేసేవారు. రాజుగారి తల సుంకం కట్టినందుకు. అది 1784 నుంచి 1890 దాకానే ఉండేది. పక్కనే పరీక్షించిన ఏడాదిని తెలిపే అక్షరం ఉంటుంది, దాన్ని బట్టి మాది 1820ల నాటిదని తేల్చాడు మావాడు.

పులిహోర వడ్డించడానికి దీన్ని మించింది లేదు, మెతుకు చిదమదు. పప్పుచారుకు మాత్రం దండగ. లోతు లేదు, ఒక్కో విస్తరికి మూడుసార్లు ముంచాలి. గుడ్ల పులుసులో పెట్టారంటే నల్లబడి కూర్చుంటుంది. పులుపు, ఉప్పు తగిలితే వెంటనే కడగాలి.

నా బుద్ధి గడ్డి తిని ఒకసారి ఊళ్లో ఒక అంగడిలో మెరుగు పెట్టమని ఇచ్చాను. మిషన్ మీద పెట్టి రుద్దేశారు. గరిటె అద్దంలా మెరిసింది గానీ దుప్పి కొమ్ముల కొసలు అరిగిపోయాయి. ఆ రోజు అన్నం సహించలేదు. ఇప్పుడు విభూతి, మెత్తటి పాత పంచె గుడ్డ, అంతే.

మొన్న గంగ జాతరకు చుట్టాలొస్తే అత్తమ్మే వడ్డనకు దిగింది. గరిటె మొన ఎడమవైపు అరిగి ఉండటం ఆమే కనిపెట్టింది. "కుడిచేత్తో గోకితే ఇట్టే అరుగుతుంది. మాయమ్మ గరిటె కూడా ఇంతే" అంది. అప్పట్నుంచి అది ఆమె బీరువాలోనే ఉంటోంది. దుప్పి కింద మన ఇంటిపేరు కూడా కొట్టించమని రోజూ పోరు. అది మాత్రం చేయించను.