ఓడ దిగాక ఎవరి వెంట వెళ్ళాలి? పెనాంగ్, ఫుకెట్, పోర్ట్ క్లాంగ్ అనుభవాలు

సింగపూర్ క్రూయిజ్‌కు టికెట్లు తీసుకున్న బంధువులు ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే. ఓడ ఆగే ఊళ్ళలో తిరగడానికి ఓడవాళ్ళ టూర్లు ముందే బుక్ చేసుకోవాలా, లేక రేవులో దిగి మన దారిన మనం చూసి రావచ్చా? నా జవాబు ఊరిని బట్టి మారుతుంది. మలేసియాలోని పెనాంగ్‌లో వద్దంటాను. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో దీవులు చూడాలనుకుంటే తప్పకుండా తీసుకోమంటాను. కౌలాలంపూర్‌కు ఓడరేవైన పోర్ట్ క్లాంగ్‌లో అయితే టూరైనా తీసుకోండి, లేదా ఆ పగలు ఓడలోనే హాయిగా గడపండి అంటాను. నలుగురున్న కుటుంబానికి ఈ టూర్ల ఖర్చు చిన్నది కాదు. అందుకే ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

ఓడవాళ్ళ టూరుకు కట్టే డబ్బు బస్సుకు, గైడుకు, ప్రవేశ టికెట్లకు మాత్రమే కాదు. అందులో పెద్ద భాగం ఒక హామీకి పోతుంది. దారిలో బస్సు చెడిపోయినా, ట్రాఫిక్‌లో చిక్కుకున్నా, తమ టూరులో వెళ్ళినవాళ్ళు వచ్చేదాకా ఓడ ఆగుతుంది. ఆగే వీలు లేకపోతే వాళ్ళను తర్వాతి రేవుకు చేర్చే ఏర్పాటు కంపెనీయే చూసుకుంటుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళకు ఈ రెండూ లేవు. చెప్పిన సమయానికి రాకపోతే వాళ్ళ పాస్‌పోర్టులు రేవులోని ఏజెంటు చేతికిచ్చి ఓడ కదిలిపోతుంది. అక్కడి నుంచి విమానం, హోటల్, వీసా అన్నీ మన ఖర్చు, మన తిప్పలే.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమ తీరానికి ఎదురుగా ఉన్న సావో టోమే దీవిలో ఎనిమిది మంది క్రూయిజ్ ప్రయాణికులు ఒక ప్రైవేటు టూరుకు వెళ్ళి ఆలస్యంగా తిరిగొచ్చారు. ఓడ ఇంకా లంగరు వేసే ఉంది, కళ్ళకు కనిపిస్తూనే ఉంది. అయినా ఎక్కించుకోలేదు. వాళ్ళు దేశాలు దాటుకుంటూ వెళ్ళి చివరికి సెనెగల్‌లో దాన్ని అందుకున్నారు. ఫోన్‌లో తక్కువ ధరకు దొరికే స్థానిక టూర్లు బుక్ చేసుకునేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. చిన్న వ్యాన్, మంచి గైడు, సగం ధర ఇవన్నీ నిజమే కావచ్చు, కానీ ఓడ దృష్టిలో వాళ్ళు కూడా సొంతంగా వెళ్ళినవాళ్ళే.

కాబట్టి నేను మొదట చూసేది దూరం. ఓడ మెట్ల నుంచి చూడాల్సిన చోటుకు నడిచి వెళ్ళగలిగితే ఆ హామీతో పని లేదు. గంటన్నర రోడ్డు ప్రయాణం ఉంటే అది ఎంత ఖరీదైనా కొనదగ్గదే.

పెనాంగ్‌లో ఓడలు ఆగేది స్వెటెన్‌హామ్ పియర్ దగ్గర. గేటు దాటితే జార్జ్‌టౌన్ నగరమే. బయటికి రాగానే లామినేషన్ చేసిన బొమ్మల పట్టీలతో టాక్సీవాళ్ళు చుట్టుముడతారు. నవ్వి దండం పెట్టి ముందుకు నడిస్తే చాలు, వెంటపడరు. కొన్ని నిమిషాల్లో తెల్లటి గడియార స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవానికి, అంటే 1897కు గుర్తుగా ఒక చైనా వ్యాపారి కట్టించి ఇచ్చాడు. ఆమె ఏలిన అరవై ఏళ్ళకు అరవై అడుగుల ఎత్తు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడినప్పటి నుంచి కొద్దిగా పక్కకు ఒరిగి ఉంటుంది. దాని పక్కనే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిని ఈస్టిండియా కంపెనీ చేతికి తెచ్చినప్పుడు మొదలైన కోట ఇది. మద్రాసు, కలకత్తాల నుంచి ఇక్కడికి ఓడలు వచ్చిపోయేవి. మన తీరానికి, ఈ ఊరికి ఉన్న సంబంధం ఆనాటిది.

జార్జ్‌టౌన్‌కు 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అది ఏ ఒక్క కట్టడానికో ఇచ్చిన గుర్తింపు కాదు, వీధులకు ఇచ్చినది. వీధులను చూడాలంటే నడవాలి, బస్సు కిటికీలోంచి కుదరదు. మేము నడిచిన ఒక్క వీధి గురించి చెప్తాను. ఒక చివర 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి. దాన్ని కట్టినవాళ్ళలో భారతదేశం నుంచి తెచ్చిన ఖైదీలున్నారు. ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ విషయం తలచుకోకుండా ఉండలేకపోయాను. కొంచెం దూరంలో కువాన్ యిన్ అమ్మవారి చైనా గుడి, దాని ముంగిట నిలువెత్తు అగరుబత్తులు, కళ్ళు మండే పొగ. ఇంకొంచెం నడిస్తే పక్క వీధిలోకి గోపురం తిరిగిన శ్రీ మహామారియమ్మన్ ఆలయం, 1833 నాటిది. ఆ తర్వాత 1801లో దక్షిణ భారత ముస్లిం వర్తకులు స్థాపించిన కపితాన్ కెలింగ్ మసీదు. నాలుగు మతాల ప్రార్థనాలయాలు, మధ్యలో పూలదండల కొట్లు, నగల దుకాణాలు, పాత తమిళ పాటలు. పిల్లలు అడిగిన ప్రతిచోటా ఆగాం. ఎవరూ జెండా ఊపి తొందరపెట్టలేదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. మారియమ్మన్ గుడిని మధ్యాహ్నం మూసి మళ్ళీ సాయంత్రం తెరుస్తారు. ఓడ మధ్యాహ్నం చేరితే అటు చివరగా వెళ్ళండి.

శాకాహారులకు బెంగ అక్కర్లేదు. లిటిల్ ఇండియాలో అరటాకు భోజనం, ఇడ్లీ, దోసె దొరుకుతాయి. వీధి బండ్ల మీద పేరున్న చార్ క్వే టియావ్ అనే వేయించిన నూడుల్స్‌లో రొయ్యలు, చాలాచోట్ల పంది కొవ్వు ఉంటాయి కాబట్టి మా ఇంట్లో కొందరు దాని జోలికి పోలేదు. చెండోల్ మాత్రం అందరం తిన్నాం. తురిమిన మంచు మీద కొబ్బరిపాలు, తాటిబెల్లం పాకం, పచ్చటి సేమ్యా లాంటి పోగులు, ఎర్ర చిక్కుడు గింజలు. ఆ ఎండకు, ఆ ఉక్కకు అంతకు మించిన మందు లేదు.

ఆర్మేనియన్ వీధిలో 2012లో గోడల మీద వేసిన బొమ్మలు, అందులోనూ నిజమైన సైకిల్‌ను గోడకు బిగించి దాని మీద ఇద్దరు పిల్లలను గీసినది, ఊరంతటికీ పెద్ద ఆకర్షణ. అక్కడ ఫోటో కోసం వరుసలో నిలబడాలి. నాకు అంతకన్నా నచ్చింది చ్యూ జెట్టీ. ఒకే ఇంటిపేరున్న చైనా కుటుంబాలు సముద్రంలోకి కొయ్య స్తంభాలు పాతి కట్టుకున్న ఇళ్ళ వరుస. ఇప్పటికీ జనం కాపురముంటున్నారు కాబట్టి గుమ్మాల్లోకి కెమెరా పెట్టకూడదు. కాళ్ళు నొప్పి పుడితే పాత నగరం చుట్టూ తిరిగే క్యాట్ బస్సు ఎక్కవచ్చు, టికెట్టే లేదు. మిగతా సిటీ బస్సుల్లో డబ్బిస్తే చిల్లర తిరిగి ఇవ్వరు, సరిపడా నాణేలు ఉంచుకోవాలి.

మా బాబాయి, పిన్ని అదే రోజు ఓడవాళ్ళ టూరుకు వెళ్ళారు. రాత్రి భోజనం దగ్గర ఇద్దరి అనుభవాలూ పోల్చుకున్నాం. వాళ్ళు ముందు ఓడ థియేటర్లో చేరి, చొక్కాకు నంబరు స్టిక్కర్ అంటించుకుని, పిలుపు కోసం చాలాసేపు కూర్చున్నారు. బస్సు కెక్ లోక్ సి బౌద్ధ ఆలయానికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు కాఫీ పొడి, తైలాలు అమ్మే దుకాణం దగ్గర ఆపారు. ఆ దుకాణంలో గడిపిన సమయం పిన్నికి చాలా కష్టమనిపించింది. జార్జ్‌టౌన్‌లో బొమ్మల గోడ దగ్గర మాత్రం కాసేపు దింపారు. మారియమ్మన్ గుడి వాళ్ళ జాబితాలోనే లేదు. అయినా బాబాయి సంతృప్తిగానే ఉన్నారు, అందుకు కారణం ఉంది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. కెక్ లోక్ సి కొండవాలు మీద ఉంటుంది. 1890లో కట్టడం మొదలైన ఆ ఆలయానికి కింది నుంచి నడిచి వెళ్తే మెట్లే మెట్లు. బస్సు వాళ్ళను పైదాకా చేర్చింది. 30 మీటర్లకు పైగా ఎత్తున్న కంచు కువాన్ యిన్ విగ్రహం ముందు ఆయన తీరిగ్గా కూర్చోగలిగారు. పెద్దవాళ్ళను పైదాకా చేర్చడమే లక్ష్యమైతే నేనైనా కాదనను. కాని అదే పని ఫోన్ యాప్‌లో పిలిచే గ్రాబ్ కారుతో ఇంకా తక్కువ ఖర్చులో అవుతుంది, దుకాణం దగ్గర ఆగే పనీ ఉండదు.

పెనాంగ్ కొండ రైలు ఎక్కాలనుకుంటే లెక్క కాస్త మారుతుంది. రేవు దగ్గరి జెట్టీ నుంచి 204 నంబరు బస్సు కొండ కిందికి వెళ్తుంది, కాని నిదానంగా. పైగా శని, ఆదివారాల్లో రైలు దగ్గర పెద్ద క్యూ ఉంటుంది. ఓడ ఎనిమిది గంటలైనా ఆగితేనే ఆ ఆలోచన చేయండి. ముందు కొండ చూసి, తర్వాత నగరానికి వచ్చేస్తే మిగిలిన సమయమంతా ఓడకు నడక దూరంలోనే ఉంటారు.

ఫుకెట్ సంగతి వేరు. మా ఓడ పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసింది. టెండర్లనే చిన్న బోట్లలో ఒడ్డుకు చేరాలి. టూరు తీసుకున్నవాళ్ళను ముందు పంపి, మిగతావాళ్ళకు టోకెన్లు ఇచ్చారు. అక్కడే చాలా సమయం పోతుంది. తిరుగు ప్రయాణంలోనూ బోటు కోసం ఎండలో వరుస. పటాంగ్ బీచ్‌లో కాళ్ళు తడుపుకుని, కొబ్బరినీళ్ళు తాగి రావడానికి ఏ టూరూ అక్కర్లేదు. కాని ఫుకెట్ పేరు చెప్పగానే అందరి కళ్ళ ముందూ కదిలేవి ఫాంగ్ న్గా అఖాతంలో నీళ్ళలోంచి నిలువుగా లేచిన సున్నపురాయి కొండలు, ఫిఫి దీవులు. ఫాంగ్ న్గాకు రోడ్డు మీదే గంటన్నర, ఆ తర్వాత పడవ. టాక్సీలు మీటరు వేయవు, బేరం మొదలయ్యేదే ఎక్కువలో. సముద్రం మీద ఆలస్యం ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఇక్కడ ఓడవాళ్ళ టూరుకు పెట్టిన ప్రతి రూపాయీ న్యాయమే. మాకు దొరికిన గైడు పిల్లలకు లైఫ్ జాకెట్ బిగించడం దగ్గర నుంచి పాన్యీ అనే నీటిమీది ఊరి కథ చెప్పడం దాకా ఎంతో శ్రద్ధ చూపించాడు.

మే నుంచి అక్టోబరు వరకు ఆ తీరంలో అలలు ఎక్కువ. కొన్నిసార్లు ఓడ ఫుకెట్‌లో ఆగకుండానే వెళ్ళిపోతుంది. అప్పుడు ఓడవాళ్ళ టూరు డబ్బు వెనక్కి వస్తుంది, బయట బుక్ చేసినది రాకపోవచ్చు. ఫిఫిలోని మాయా బే పగడాలను కాపాడటానికి 2018 నుంచి 2022 దాకా మూసి ఉంచారు. ఇప్పటికీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మూస్తారు. టూరు వివరాల్లో ఆ పేరుందో లేదో చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గడియారం. మలేసియా, సింగపూర్‌లది ఒకే సమయం. థాయ్‌లాండ్ ఒక గంట వెనక. మా ఓడ ఫుకెట్‌లోనూ సింగపూర్ సమయాన్నే పాటించింది. ఫోన్ మాత్రం ఒడ్డుకు చేరగానే తనంతట తాను థాయ్ సమయానికి మారిపోతుంది. ఫోన్‌లో నాలుగు అయితే ఓడలో ఐదు. సొంతంగా తిరిగేవాళ్ళు చేతి గడియారం ఓడ సమయానికి పెట్టుకుని దాన్నే నమ్మాలి. ఓడ ఎక్కాల్సిన సమయం వేరు, కదిలే సమయం వేరన్నది కూడా మరవకూడదు. మొదటిది కనీసం అరగంట ముందే ఉంటుంది.

పోర్ట్ క్లాంగ్ గురించి ఎక్కువ రాయడానికి లేదు. ఓడ ఆగే పులావు ఇందా దీవిలో కంటైనర్లు తప్ప చూసేది ఏమీ లేదు. కౌలాలంపూర్ చాలా దూరం, రైల్వే స్టేషన్ కూడా నడిచే దూరంలో లేదు, సాయంత్రం ట్రాఫిక్ గట్టిగా ఉంటుంది. 272 మెట్ల బటు గుహలు, 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం, 452 మీటర్ల పెట్రోనాస్ జంట భవనాలు ఒకే పూటలో చూపించే ఓడవాళ్ళ టూరు హడావుడిగానే సాగుతుంది, అయినా అదే క్షేమం. కౌలాలంపూర్ ఇదివరకే చూసినవాళ్ళు ఆ రోజు ఓడలోనే ఉండండి. అందరూ దిగిపోయాక ఈతకొలను దాదాపు మీదే.

ముంబయి నుంచి కొచ్చి వెళ్ళే క్రూయిజ్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఫోర్ట్ కొచ్చిలో చైనా వలలు, మట్టాన్‌చేరి వీధులు చూడటానికి ఆటో చాలు. అలెప్పీ పడవ ప్రయాణానికి మాత్రం ఓడవాళ్ళ బస్సు ఎక్కండి.

కాగితాల మాట కూడా చెప్పాలి. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది. బయలుదేరే ముందు ఆ వెసులుబాటు ఇంకా అమల్లో ఉందో లేదో చూసుకుని, డిజిటల్ అరైవల్ కార్డు నింపండి. సింగపూర్ వీసా ఒకటికి మించి ప్రవేశాలకు చెల్లేదిగా ఉండాలి, ఎందుకంటే క్రూయిజ్ ముగిశాక మళ్ళీ అక్కడే దిగుతారు. పాస్‌పోర్టు ఓడవాళ్ళ దగ్గరుంటే దాని ఫోటోకాపీ, ఓడ కార్డు, రేవు ఏజెంటు ఫోన్ నంబరు జేబులో పెట్టుకోండి. ఏజెంటు నంబరు రోజూ గదికి వచ్చే కార్యక్రమ పత్రంలో ఉంటుంది.

నా మటుకు నాకు పెనాంగ్‌కు ఓడ ఇచ్చే సమయం చాలలేదు. ఆ ఊరు నచ్చినవాళ్ళు మరోసారి కౌలాలంపూర్ నుంచి విమానంలో నేరుగా వెళ్ళి, జార్జ్‌టౌన్‌లోనే బస చేయండి. పాత దుకాణపు ఇళ్ళను హోటళ్ళుగా మార్చినవి చాలా ఉన్నాయి. నడిమి వాకిలి, రంగుల పలకల నేల, కొయ్య కిటికీలతో ముచ్చటగా ఉంటాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు. పెద్దవాళ్ళుంటే కింది అంతస్తు గది ముందే అడిగి పెట్టుకోండి.